తిథి చూసుకుని కోరింగకు: విశాఖ నుంచి మడ అడవి చూసి రావడం ఎలా

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవికి వెళ్లొచ్చిన విశాఖవాళ్లను అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. "అబ్బ, ఎన్ని పక్షులండీ" అనేవాళ్లు కొందరు. "ఏముంది, చెక్క బాట మీద నడిచాం, చెట్లు చూశాం, ఎండకు మాడి వచ్చాం" అనేవాళ్లు ఇంకొందరు. ఇద్దరూ వెళ్లింది ఒకే చోటికి. తేడా అంతా నీళ్లలో ఉంది. సెలవు దొరికిందని బయలుదేరినవాళ్లకు ఆ వేళకు ఏ నీరు ఉంటే అదే దక్కుతుంది. క్యాలెండర్‌లో తేదీ కింద చిన్న అక్షరాల్లో ఉండే తిథి కూడా చూసుకుని వెళ్తే నడకా దక్కుతుంది, పడవా దక్కుతుంది.

విశాఖవాళ్లకు ఈ సంగతి తట్టకపోవడానికి కారణం ఉంది. ఆర్కే బీచ్‌లోనో రుషికొండలోనో ఆటుపోట్లు కంటికి ఆనవు. మన తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా పోటుకీ (నీరు నిండుగా ఎక్కడం) పాటుకీ (నీరు బాగా దిగడం) మధ్య నీటిమట్టం తేడా దాదాపు మీటరున్నరే. అష్టమి ప్రాంతంలో అందులో సగం కూడా ఉండదు. ఒడ్డు వాలుగా ఉండి అలలు విరిగిపడే చోట ఆ తేడాని ఎవరూ పట్టించుకోరు. కోరింగలో నేల చదునుగా ఉంటుంది. అక్కడ నీరు ఒక్క అడుగు దిగితే చాలు, ఎకరాలకు ఎకరాలు బురద బయటపడుతుంది. బురద బయటపడితే పీతలు బొరియల్లోంచి వస్తాయి, వాటికోసం పక్షులు దిగుతాయి. నీరు నిండుగా ఉన్నప్పుడు పక్షులకు అక్కడ తిండి లేదు, ఏ ఇసుక తిన్నె మీదో గుంపుగా నిలబడి కునుకు తీస్తుంటాయి. పడవకు మాత్రం ఆ నిండు నీరే కావాలి, లేకపోతే సన్న పాయల్లోకి పోలేదు. కాబట్టి నడకకు పాటు, పడవకు పోటు. మిగతా ఏర్పాట్లన్నీ ఈ రెండింటి చుట్టూ చేసుకోవాలి.

ముందు ఆ చోటు గురించి నాలుగు మాటలు. కాకినాడ దగ్గర సముద్రం నేరుగా వచ్చి ఒడ్డుకు కొట్టదు. గోదావరి తెచ్చి పోసిన ఇసుకను అలలు ఉత్తరానికి నెట్టుకుంటూ పోగా సుమారు 18 కిలోమీటర్ల ఇసుక దిబ్బ ఏర్పడి, తీరానికి అడ్డంగా నిలిచింది. దాని చివరి భాగమే హోప్ ఐలాండ్. దిబ్బకీ ఒడ్డుకీ మధ్య చిక్కుకున్న లోతులేని ప్రశాంతమైన నీరే కాకినాడ అఖాతం. దాని దక్షిణపు అంచున గౌతమి గోదావరి నుంచి చీలిన కోరింగ, గాడేరు పాయలు వచ్చి కలుస్తాయి. తీపి నీరు, ఉప్పు నీరు, ఒండ్రు మట్టి కలిసిన ఆ చోట మడ అడవి పెరిగింది. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. సందర్శకులు చూసేది అందులో ఒక మూల మాత్రమే. ఆ మూలలోనే చూడాల్సింది చాలా ఉంది.

తిథి లెక్క

పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, పాటు కూడా అంతే. ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఏ రోజుకారోజు ఆ వేళ ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. మన తీరంలో అమావాస్య, పౌర్ణమి నాడు సముద్రం ఉదయం 9 గంటల ప్రాంతంలో నిండుతుంది, మధ్యాహ్నం 3 ప్రాంతంలో బాగా దిగుతుంది. అక్కడి నుంచి తిథికి 50 నిమిషాల చొప్పున కలుపుకుంటూ వెళ్లండి.

ఉదాహరణకు దీపావళి అమావాస్య నాడు పోటు ఉదయం 9కి అనుకుందాం. నాలుగు రోజుల తర్వాత వచ్చే నాగుల చవితికి 200 నిమిషాలు కలుస్తాయి, అంటే పోటు మధ్యాహ్నం 12:20కి. దానికి ఆరు గంటల పది నిమిషాల ముందు, అంటే ఉదయం 6:10కి పాటు. ఇది చేతి లెక్క, అరగంట అటూ ఇటూ అవుతుంది. అఖాతంలో ఉన్న వేళకన్నా లోపలి సన్న పాయల్లో కొంత ఆలస్యంగా నిండుతుంది, కొంత ఆలస్యంగా దిగుతుంది. సముద్రం మీంచి గాలి గట్టిగా వీస్తుంటే నీరు లెక్కకు మించి ఎక్కుతుంది. రోజు ఖాయం చేసుకోవడానికి తిథి సరిపోతుంది. గంట ఖాయం చేసుకోవడానికి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే ఆటుపోట్ల అంచనా చూడండి.

విశాఖ నుంచి ఒక్కరోజులో వెళ్లి రావాలనుకునేవాళ్లకు అన్నిటికన్నా అనువైనవి పంచమి, షష్ఠి, సప్తమి. శుక్ల పక్షమా, బహుళ పక్షమా అన్నది చూడనక్కర్లేదు. ఈ రోజుల్లో పాటు ఉదయం 7కీ 9కీ మధ్య పడుతుంది. మీరు గేటు తెరిచే వేళకు చేరితే బురద ఇంకా బయటే ఉంటుంది, నీరు అప్పుడే ఎక్కడం మొదలవుతుంది. నీరు ఎక్కేకొద్దీ బురద కుంచించుకుపోయి, దూరంగా ఉన్న పక్షులు కూడా మీవైపు జరుగుతూ వస్తాయి. పక్షుల కోసం వెళ్లేవాళ్లకు ఇంతకు మించిన వేళ లేదు. చూపు ఆనని చుక్కలుగా ఉన్నవి గంటలో బైనాక్యులర్ నిండా కనిపిస్తాయి. ఆ తర్వాత మధ్యాహ్నం పడవ ఎక్కితే పాయల నిండా నీరుంటుంది.

అమావాస్య, పౌర్ణమి, వాటి తర్వాతి రెండు రోజులూ అయితే వరస తిప్పాలి. వెళ్లగానే పడవ, భోజనం తర్వాత నడక. నడక ఎండవేళ పడుతుంది కాబట్టి ఇది డిసెంబరు, జనవరి నెలలకే బాగుంటుంది. అయితే నీరు ఎక్కువగా ఎక్కి ఎక్కువగా దిగే రోజులు ఇవే. బురద బాగా వెడల్పుగా కనిపించేదీ ఇప్పుడే. మడచెట్ల వేర్లు పూర్తిగా బయటపడి ఫొటోలకు కూడా బాగుంటాయి.

దశమి నుంచి త్రయోదశి దాకా ఒక్కరోజు ప్రయాణానికి పనికిరావు. నడిమధ్యాహ్నం నీరుండదు, పడవ సరిగా తిరగదు. నీరు నిండేసరికి సాయంత్రం అయిపోతుంది. ఆ రోజుల్లోనే వెళ్లక తప్పదంటే పడవ మీద ఆశ వదులుకుని నడకకే వెళ్లండి. లేదా రాత్రికి కాకినాడలో ఉండండి.

ఇంకొక్క తిథి గుర్తుంచుకోవాలి: పుష్య బహుళ అమావాస్య, అంటే చొల్లంగి అమావాస్య. ఆ రోజు సముద్ర స్నానాలకు వచ్చే జనంతో చొల్లంగి రోడ్డు కిక్కిరిసిపోతుంది. తీర్థానికి వెళ్లాలంటే నిక్షేపంలా వెళ్లండి, పక్షుల కోసమైతే వద్దు. కార్తీక మాసం ఆదివారాలు కూడా అంతే. వనభోజనాల బృందాలు, స్కూలు బస్సులు, వాటి వెంట స్పీకర్లు. బుధ, గురువారాల్లో సెలవు పెట్టగలిగితే అడవి మొత్తం మీదే అన్నట్టు ఉంటుంది.

ఏ నెలల్లో

వలస పక్షులు అక్టోబరు నుంచి మార్చి దాకా ఉంటాయి. అక్టోబరు, నవంబరులో బంగాళాఖాతంలో అల్పపీడనాలు వరసపెడతాయి. మత్స్యకారులు వేటకు వెళ్లొద్దని హెచ్చరిక వచ్చిన రోజున పడవలు తిరగవు, మీరూ బయలుదేరొద్దు. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా నిశ్చింత. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కకు పది నిమిషాలు నడవలేరు. జులై, ఆగస్టుల్లో గోదావరికి వరదొస్తే ఎర్రనీరు పాయల్లోకి తోసుకొస్తుంది, తిథి లెక్క కూడా అప్పుడు పనిచేయదు.

ఈ అడవి తుపానును ఎరిగినది. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఉప్పెనకు కోరింగ రేవు సర్వనాశనమైంది. ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు మళ్లీ ఆ స్థితికి రాలేదు. వాతావరణ హెచ్చరికను తేలిగ్గా తీసుకునే చోటు ఇది కాదని చెప్పడానికే ఈ మాట.

దారి

కారులో అయితే విశాఖ నుంచి అనకాపల్లి, తుని, అన్నవరం మీదుగా జాతీయ రహదారి 16పై కత్తిపూడి దాకా. కత్తిపూడిలో ఎడమకు తిరిగి 216వ నంబరు రహదారి ఎక్కితే గొల్లప్రోలు, పిఠాపురం మీదుగా కాకినాడ. ఇంతవరకు సుమారు 160 కిలోమీటర్లు, మూడు గంటల నుంచి మూడున్నర. కాకినాడలో జగన్నాథపురం వంతెన దాటి యానాం రోడ్డు పట్టుకుంటే పది పన్నెండు కిలోమీటర్లలో చొల్లంగి దగ్గర అటవీశాఖ వారి పర్యాటక కేంద్రం వస్తుంది. తొమ్మిదికల్లా అక్కడుండాలంటే విశాఖలో ఐదింటికి కదలాలి. అన్నవరంలో ఆగి ప్రసాదం తినకుండా వెళ్లడం ఎవరి తరమూ కాదు, ఆ ఇరవై నిమిషాలు కూడా లెక్కలో వేసుకోండి.

పిఠాపురం నుంచి ఉప్పాడ వెళ్లి సముద్రం పక్క రోడ్డులో కాకినాడ చేరొచ్చని మ్యాపు చూపిస్తుంది. చూడ్డానికి ఆ దారి అందంగా ఉంటుంది. కానీ సముద్రం కోసేస్తున్న రోడ్డు అది. అలలు ఎక్కువగా ఉన్నప్పుడు నీళ్లూ రాళ్లూ రోడ్డు మీదకొస్తాయి. వెళ్లేటప్పుడు వద్దు, సమయం మిగిలితే తిరిగొచ్చేటప్పుడు చూసుకోండి.

రైల్లో అయితే దిగాల్సింది సామర్లకోట. విశాఖ నుంచి విజయవాడ వైపు ఉదయం వెళ్లే రైళ్లు చాలావరకు అక్కడ ఆగుతాయి, రెండు గంటలు దాటాక చేరతాయి. సామర్లకోట నుంచి కాకినాడ సుమారు 15 కిలోమీటర్లు, బస్సులూ ఆటోలూ ఉంటాయి. కాకినాడ నుంచి యానాం వెళ్లే బస్సు ఎక్కి, అభయారణ్యం దగ్గర ఆపమని కండక్టరుకు ముందే చెప్పాలి. తిరుగు ప్రయాణంలో సాయంత్రం రోడ్డు మీద నిలబడి బస్సు కోసం చూడ్డం కన్నా, కాకినాడలోనే ఒక ఆటో రానూపోనూ మాట్లాడుకోవడం మేలు. నలుగురుంటే పెద్ద ఖర్చు కాదు.

టికెట్ ధరలు, తెరిచే వేళలు, పడవ రేట్లు మారుతుంటాయి. ముందు రోజు పర్యాటక కేంద్రానికి ఫోన్ చేసి మూడే ప్రశ్నలు అడగండి: రేపు పడవలు తిరుగుతున్నాయా, పోటు ఎన్నింటికి, చెక్క బాట మొత్తం తెరిచి ఉందా? మూడోది ఎవరూ అడగరు. ఉప్పు గాలికీ తేమకూ చెక్క త్వరగా పాడవుతుంది, మరమ్మతుల కోసం కొంత భాగం మూసేస్తుంటారు.

చెక్క బాట మీద

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. బాట మొదట్లో సెల్ఫీ, మధ్యలో సెల్ఫీ, చివర్లో వాచ్ టవర్, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. చప్పుడు చేస్తూ నడిచేవాళ్లకు బురద ఖాళీగానే కనిపిస్తుంది, ఎందుకంటే చెక్క మీద అడుగుల అదురుకి, పైనుంచి పడే మనిషి నీడకి బురదలోని ప్రతి ప్రాణీ బొరియలోకి దూరుతుంది.

చేయాల్సింది ఇది. బురద బాగా కనిపించే ఒక చోటు చూసుకుని, సూర్యుడికి ఎదురుగా నిలబడండి, మీ నీడ వెనక్కి పడాలి. కదలకుండా ఐదు నిమిషాలు ఆగండి. మొదటి రెండు నిమిషాలు ఏమీ ఉండదు. తర్వాత ఒక బొరియ అంచున చిన్న కదలిక. వేలి గోరంత పీత ఒకటి బయటికొచ్చి ఆగుతుంది. దాని పక్కన ఇంకొకటి, కాసేపటికి పదులకొద్దీ. ఒక డెక్క మాత్రం ఒంటికి మించిన సైజులో ఉంటే అది మగ ఫిడ్లర్ పీత. ఆ డెక్కను పైకెత్తి దించుతూ ఆడపీతను పిలుస్తుంది, పక్క బొరియ మగపీతను బెదిరిస్తుంది. పెద్ద డెక్క తినడానికి పనికిరాదు కాబట్టి చిన్న డెక్క ఒక్కదానితోనే బురద నోట్లో పెట్టుకుంటుంది. ఆడపీతకు రెండూ చిన్నవే, రెండింటితోనూ తింటుంది.

అదే బురద మీద గెంతుతూ పోయేది మడ్‌స్కిప్పర్. చేపే, కానీ పాటు వేళ నీటి బయటే గడుపుతుంది. ఒళ్లు తడిగా ఉన్నంతసేపు చర్మంతోనూ, మొప్పల గదిలో నిలవ ఉంచుకున్న నీటితోనూ ఊపిరి తీస్తుంది. అందుకే మధ్యమధ్యలో పక్కకు దొర్లి ఒళ్లు తడుపుకుంటుంది. తల మీద ఉబ్బెత్తుగా ఉన్న కళ్లను గమనించండి. ఉన్నట్టుండి ఒక కన్ను లోపలికి గుంటలోకి దిగి మళ్లీ పైకొస్తుంది. కన్ను ఆరిపోకుండా తడుపుకోవడం అది. ఫోన్ కెమెరాకు ఇది దొరకదు, మామూలు బైనాక్యులర్‌తో కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

చెట్లలో నాలుగు గుర్తుపడితే చాలు. బురదలోంచి జానెడు ఎత్తున, నిటారుగా, వందల సంఖ్యలో పైకి పొడుచుకొచ్చినవి మడ చెట్టు శ్వాస వేర్లు. కింద బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు వేర్లను పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. తెల్ల మడ ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, అడుగు భాగం బూడిద తెలుపు. వాన లేని రోజుల్లో ఆకు మీద వేలితో రాసి నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది. ఒంట్లోకి చేరిన ఉప్పును చెట్టు ఆకుల గుండా బయటికి తోసేస్తుంది. నల్ల మడ కూడా ఈ జాతిదే. ఉప్పు పొన్న మాత్రం వేరే రకం చెట్టు. దాని వేర్లు కాండం నుంచి వంగి నలువైపులా దిగబడి ఉంటాయి. గింజ చెట్టు మీదే మొలకెత్తి, మునగకాడలా కిందికి వేలాడుతుంది. అలాగే రాలి బురదలో నాటుకుంటుంది, లేదా పోటు నీటిలో తేలుతూ ఇంకో చోటికి పోతుంది. అది తెంపి ఇంటికి తెచ్చుకుంటే కుండీలో బతుకుతుందని ఆశపడకండి. అభయారణ్యంలోంచి ఆకు తెచ్చినా నేరమే.

నాలుగోది తిల్ల. దీనితో జాగ్రత్త. ఆకులు ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి, రాలే ముందు ఎర్రబడతాయి. ఆకు తుంచితే తెల్లటి పాలు కారతాయి. ఆ పాలు చర్మానికి తగిలితే మంట, పొక్కులు. కంట్లో పడితే చూపుకే ప్రమాదం. కాబట్టి ఉప్పు రుచి చూసే సరదా తెల్ల మడ అని ఖాయంగా తెలిస్తేనే. పిల్లలకు మాత్రం "ఏ చెట్టునీ ముట్టుకోవద్దు" అన్న ఒక్క నియమం పెట్టండి. పొరపాటున పాలు తగిలితే ఆ చేత్తో కళ్లు నులుముకోకుండా వెంటనే మంచినీళ్లతో బాగా కడగాలి. కంట్లో పడితే పావుగంట పాటు కడుగుతూనే ఉండి, నేరుగా కాకినాడలో కంటి డాక్టరు దగ్గరకు.

బాట దిగి బురదలో అడుగు పెట్టొద్దు. మోకాలి దాకా దిగబడడం ఒక ఎత్తు. మడ వేర్లకు, మొదళ్లకు అంటుకున్న గుల్లల అంచులు బ్లేడు పదును, కాలు తెగిందంటే లోతుగా తెగుతుంది. చెక్క మీద కూడా నీడ పడే చోట పాచి ఉంటుంది. హవాయి చెప్పులతో జారిపడేవాళ్లు ప్రతి సెలవు రోజూ కనిపిస్తారు. వెనక పట్టీ ఉన్నవో, అడుగున పట్టు ఉన్న బూట్లో వేసుకోండి.

పడవలో

పొట్టి చుట్టు, పొడుగు చుట్టు అని రెండు రకాలుంటాయి. పొట్టి చుట్టులో కోరింగ పాయలో కొంతదూరం వెళ్లి తిరిగొస్తారు. సరదాకి అదే చాలు. జీవాలు చూడాలంటే పొడుగు చుట్టు తీసుకోవాలి, లేదా నలుగురైదుగురు కలిసి పడవ మొత్తం మాట్లాడుకోవాలి. పోటు నిండడానికి గంట ముందు ఎక్కి, నిండిన గంట లోపు రేవుకు తిరిగొచ్చేలా చూసుకోండి. నీరు దిగుతున్నప్పుడు సన్న పాయలోకి వెళ్తే పడవ బురదకు తగిలి ఆగుతుంది, అప్పుడు కర్రతో నెట్టుకుంటూ రావాలి, ఇంకా ఆలస్యమైతే మళ్లీ పోటు వచ్చేదాకా అక్కడే. పడవవాళ్లకు ఇది మనకన్నా బాగా తెలుసు. వాళ్లు "ఇంక లోపలికి వద్దండి" అంటే బతిమాలకండి.

ఎక్కగానే లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ పెట్టుకోండి. భుజాల మీద కప్పుకుంటే చాలదు, నీళ్లలో పడితే అది పైకి జారి ఊడిపోతుంది. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం తెలిసినవాళ్లకు ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. పిల్లల సైజు జాకెట్ ఉందో లేదో పడవ కదలకముందే అడగండి.

ఇంజను చప్పుడుకు పక్షులు వంద అడుగుల ముందే లేచిపోతాయి. ఒక మలుపు దాటాక "బాబాయ్, ఇక్కడ కాసేపు ఇంజను ఆపుతారా, అలా నీటిమీద వదిలేద్దాం" అని అడిగి చూడండి. ఎక్కువమంది ఒప్పుకుంటారు, డీజిల్ కూడా కలిసొస్తుంది కదా. ఆ పది నిమిషాల్లో కనిపించేవి మిగతా గంటంతా కనిపించవు. ఒడ్డు వెంబడి కొమ్మల కింద చూడండి: నల్ల తల, ఎర్ర ముక్కు, ముదురు నీలం వీపు ఉన్న లకుముకి పిట్ట చలికాలంలో ఇలాంటి మడ అడవుల్లో దొరుకుతుంది. తెలుపు నలుపు చారల లకుముకి గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి నిట్టనిలువునా నీళ్లలోకి దూకుతుంది. పైన తిరిగే ఇటుకరంగు, తెల్ల తల గద్ద గరుడ పక్షి.

నీటి కుక్కలు గుంపులుగా తిరుగుతాయి, పొద్దున్నే కనిపించే అవకాశం ఎక్కువ. అవి కనిపించకపోయినా ఒడ్డున చేప పొలుసులు, పీత పెంకు ముక్కలు కలిసిన పెంట కనిపిస్తే వాటి దారి అదే అని అర్థం. చేపలు పట్టి తినే అడవి పిల్లి, అంటే బావురు పిల్లికి కోరింగ పేరున్న చోటు. కానీ అది రాత్రి తిరిగే జంతువు. పగటి పడవలో చూపిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. పాటు వేళ పాయ అంచున మెత్తటి బురద మీద గోళ్ల గుర్తులు అంతగా పడని గుండ్రటి పాదముద్రల కోసం వెతకండి. గోళ్ల గుర్తులు స్పష్టంగా ఉంటే అది చాలావరకు నక్కదో కుక్కదో.

హోప్ ఐలాండ్‌కు వెళ్లాలంటే అది వేరే ప్రయాణం. ఇసుక దిబ్బ కూడా అభయారణ్యంలో భాగమే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి ఉండాలి. చేపల పడవ మాట్లాడుకుని నేరుగా వెళ్లిపోవడం చట్టరీత్యా తప్పు. పైగా జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టేది ఆ ఇసుకలోనే. మనం నడిచే చోట కింద గూడు ఉందో లేదో మనకు తెలియదు.

పక్షుల కోసమే వెళ్లేవాళ్లకు

కోరింగ చెట్ల మధ్య బురద ఇరుకు. గుంపులు గుంపులుగా వలస పక్షులు కావాలంటే కాకినాడలోనే అఖాతం ఒడ్డున కుంభాభిషేకం అనే చోట ఒక గంట కేటాయించండి. అక్కడ పాటు వేళ విశాలమైన బురద మైదానం బయటపడుతుంది. ఎర్ర ముక్కు కింది భాగం పై భాగం కన్నా పొడవుగా ఉండి, నీటి పైపొరను చీలుస్తూ ఎగిరే స్కిమ్మర్‌లు వచ్చే చోటు అది. చలికాలంలో అదృష్టం ఉంటే కనిపిస్తాయి.

బురదలో తిండి వెతుక్కునే ఉల్లంకి పిట్టలన్నీ మొదట ఒకేలా కనిపించి విసుగొస్తుంది. పేర్లు పక్కనపెట్టి ముక్కు చూడండి, తినే తీరు చూడండి. పొట్టి ముక్కువి పరిగెత్తి ఆగి పైపైన పొడుస్తాయి. మధ్యరకం ముక్కువి బురదను కుట్టుకుంటూ పోతాయి. పొడుగాటి వంపు ముక్కు కర్లూ బొరియ అడుగు దాకా పెట్టి పీతను లాగుతుంది. ఎర్ర కాళ్లది రెడ్‌షాంక్. అందరికన్నా ముందు అరిచి లేచేది అదే, అది లేస్తే మిగతావన్నీ లేస్తాయి, కాబట్టి దానికి దూరంగా ఉండండి. గుంపు మొత్తం తలలెత్తి నిలబడిందంటే మీరు ఎక్కువ దగ్గరికొచ్చినట్టే, రెండు అడుగులు వెనక్కి వేయండి.

సరంజామా ఎక్కువ అక్కర్లేదు. 8x42 (ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే) బైనాక్యులర్ ఒకటి ఇద్దరికి సరిపోతుంది. పడవలో 10x వాడితే చేతి వణుకుకి బొమ్మ నిలవదు. కెమెరాకు 300 మిల్లీమీటర్లకు తక్కువ లెన్సు పక్షులకు చాలదు. ఉప్పు గాలి లోపలికి పోతుంది, ఇంటికొచ్చాక కాస్త తడి గుడ్డతో తుడిచి, తర్వాత పొడి గుడ్డతో తుడవండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, పొడుగు చేతుల ముదురు రంగు చొక్కా. తెల్ల చొక్కా పక్షులకు దూరం నుంచే కనబడుతుంది. చెట్ల నీడలో దోమలు పగలే కుడతాయి, ఒడోమాస్ గేటు దగ్గరే రాసుకోండి. తినుబండారాల ప్యాకెట్లు కారులోనే వదిలేయండి. పాయలో పడిన ప్లాస్టిక్ పోటుతో లోపలికి పోయి శ్వాస వేర్లకు చుట్టుకుంటుంది, దాన్ని తీయడం ఎవరి వల్లా కాదు.

కళ్లకు అలవాటు కావాలంటే కోరింగకు ముందు ఒక రోజు భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి వెళ్లండి. తిథి లెక్క వేసుకుని పాటు వేళకు చేరి, రెండు గంటలు అక్కడే ఉండండి. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, అరగంటకోసారి చూడండి. మీ లెక్క ఎంత తప్పిందో అక్కడే తెలుస్తుంది, ఆ తేడాను కోరింగ లెక్కలో సరిచేసుకోవచ్చు. ఇసుక మేట మీద కొంగలు, సముద్రపు కాకులు, చలికాలంలో ఉల్లంకులు అక్కడ కూడా ఉంటాయి.

తిరుగు ప్రయాణంలో నాలుగున్నరకల్లా చొల్లంగి వదిలితే చీకటి పడే వేళకు కత్తిపూడి దాటి హైవే ఎక్కేస్తారు. కాకినాడ కాజా కొనాలంటే వెళ్లేటప్పుడు కొనకండి, ఎండకు కారులో పాకం కారిపోతుంది, వచ్చేటప్పుడే తీసుకోండి.